చిప్పులో దాచిన ప్రోగ్రాం ఎంతవరకు భద్రం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయాన్ని అడిగాయి. మైక్రోకంట్రోలర్ చిప్పులో మనం రాసిపెట్టిన ఫర్మ్‌వేర్‌ను ఇతరులు చదవకుండా, నకలు తీయకుండా కాపాడుకోవడం ఎలా అన్నదే ఆ విషయం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాను. మొదటి ఉత్తరంతో పాటు ఒక బోర్డు కూడా వచ్చింది కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఆటోనగర్‌లో చిన్న యూనిట్. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ మోటార్లకు కంట్రోల్ పెట్టెలు తయారుచేస్తాం. ఫేజు పోయినా, ఓల్టేజీ పడిపోయినా మా పెట్టె మోటార్లను ఆపి, కరెంటు కుదుటపడ్డాక ఒకదాని తర్వాత ఒకటిగా నడిపిస్తుంది. ప్రోగ్రాం రాసి, చెరువుగట్ల మీద సరిచూసుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఏటీమెగా328పి చిప్పు వాడాం, బయటివాళ్లు చదవకుండా అడ్డుకునే లాక్ బిట్లు కూడా పెట్టాం. అయినా అచ్చం మాలాంటి పెట్టె వేరే పేరుతో, తక్కువ ధరకు బజారులోకి వచ్చింది. మా డిస్‌ప్లే మీద ఓల్టేజ్ అన్న మాటలో పొరపాటున ఒక ఇంగ్లిషు అక్షరం ఎక్కువ పడింది. ఆ తప్పు కూడా వాళ్ల పెట్టెలో అలాగే కనిపిస్తోంది. లాక్ చేసిన చిప్పులోంచి ప్రోగ్రాం బయటికి ఎలా పోయింది?

జవాబు: మీరు పంపిన బోర్డును బల్లమీద పెట్టి, ముందుగా ఆరు పిన్నుల ఐఎస్‌పీ కనెక్టరుకు (చిప్పును బోర్డు నుంచి తీయకుండానే ప్రోగ్రాం ఎక్కించే దారి) ప్రోగ్రామర్ తగిలించాను. చిప్పు తన గుర్తింపు సంకేతాన్ని సరిగానే చెప్పింది. లాక్ బైటు చదివితే దాని చివరి రెండు బిట్లూ సున్నాలుగా ఉన్నాయి. అంటే బయటి ప్రోగ్రామర్ ద్వారా ఫ్లాష్‌ను (ప్రోగ్రాం ఉండే మెమరీని) చదవడం, అందులో రాయడం రెండూ నిషిద్ధమన్నమాట. చదవమని అడిగి చూస్తే అర్థంలేని అంకెల వరుస తప్ప ఏమీ రాలేదు. ఇంతవరకు మీరు చేసిన పనిలో లోపం లేదు.

తరువాత అదే బోర్డు అంచున మీరు ఉంచిన సీరియల్ కనెక్టరుకు ఒక యూఎస్‌బీ కేబుల్ కలిపి, రీసెట్ బటన్ నొక్కి వదిలి, ఏవీఆర్‌డ్యూడ్ అన్న కంప్యూటర్ ప్రోగ్రాంతో చదవమని అడిగాను. పది సెకన్లు కూడా గడవకముందే మీ ప్రోగ్రాం మొత్తం నా కంప్యూటర్‌లోకి వచ్చేసింది. ఆ ఫైలును, బైట్లను అంకెలుగానూ అక్షరాలుగానూ చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి, కుడివైపు అక్షరాల వరుస చూసుకుంటూ కిందికి వెళితే, డిస్‌ప్లే సందేశాల మధ్య మీరు చెప్పిన ఆ అక్షరదోషం స్పష్టంగా కనిపించింది. మీ పోటీదారు ఈ దారినే వచ్చారని నేను చెప్పలేను, కానీ ఈ దారి తెరిచే ఉందని మాత్రం నిశ్చయంగా చెప్పగలను.

కారణం మీరు చిప్పులో వదిలేసిన బూట్‌లోడర్. నేర్చుకునేవారు ఎక్కువగా వాడే ఆర్డుఇనో బోర్డుతో మొదలుపెట్టి, ఆ చిప్పునే సరుకులోకి తెచ్చేవారిలో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. చివరి రెండు లాక్ బిట్లు అడ్డుకునేది బయటినుంచి వచ్చే ప్రోగ్రామర్‌ను మాత్రమే. బూట్‌లోడర్ బయటిది కాదు, చిప్పు లోపలే కూర్చుని పనిచేసే చిన్న ప్రోగ్రాం. కొత్త ప్రోగ్రాంను ఎక్కించడంతో పాటు, ఎక్కింది సరిగా ఉందో లేదో చూడడానికి ఫ్లాష్‌ను తిరిగి చదివి పంపే పని కూడా దానికి తెలుసు. అది ఎవరు అడుగుతున్నారో చూడదు, అడిగినవారికి చదివి ఇస్తుంది. వీధి తలుపుకు తాళం వేసి పెరటి గుమ్మం బార్లా తీసి ఉంచినట్లయింది మీ పని.

ఇక్కడ ఇంకొక భ్రమ కూడా ఉంది. ఆర్డుఇనో సాఫ్ట్‌వేర్ బూట్‌లోడర్‌ను ఎక్కించేటప్పుడు లాక్ బైటును తనంతట తానే మారుస్తుంది కాబట్టి, చిప్పు లాక్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ విలువ కాపాడేది బూట్‌లోడర్ తనను తాను చెరిపేసుకోకుండా మాత్రమే, మీ ప్రోగ్రాంను ఇతరులు చదవకుండా కాదు. మీరు చివరి బిట్లు విడిగా పెట్టారు కాబట్టి ఒక మెట్టు ముందే ఉన్నారు.

చేయవలసినది ఇది. చెరువుల దగ్గరికి వెళ్లి ప్రోగ్రాం మార్చే అవసరం మీకు లేకపోతే, బూట్‌లోడర్‌ను పూర్తిగా తీసేసి, ప్రోగ్రాంను ఐఎస్‌పీ ద్వారా నేరుగా ఎక్కించండి. రీసెట్ తర్వాత చిప్పు బూట్‌లోడర్ వైపు వెళ్లకుండా దానికి సంబంధించిన ఫ్యూజ్ బిట్‌ను (చిప్పు నడిచే తీరును నిర్ణయించే సెట్టింగును) సరిచేసి, ఆ తర్వాతే లాక్ బిట్లు పెట్టండి. ఈ వరుస మారకూడదు, ఎందుకంటే లాక్ పడ్డాక ఫ్యూజ్ బిట్లు కూడా కదలవు. లాక్‌ను మళ్లీ తీయాలంటే చిప్పును పూర్తిగా చెరిపేయడం ఒక్కటే మార్గం. ఫ్లాష్ మొత్తం చెరిగిన తర్వాతే లాక్ బిట్లు తెరుచుకునేలా ఆ చిప్పును రూపొందించారు, మీ రక్షణంతా నిలబడింది ఆ క్రమం మీదే. బూట్‌లోడర్ తప్పదనుకుంటే, చదివి పంపే పని అసలు తెలియనిదాన్ని వాడండి. దానికి తోడు, బూట్ విభాగంలోని ప్రోగ్రాం, అంటే బూట్‌లోడర్, మీ ప్రోగ్రాం ఉండే అప్లికేషన్ విభాగాన్ని చదవకుండా నిషేధించే బిట్లు ఇదే లాక్ బైటులో వేరుగా ఉన్నాయి, వాటిని కూడా పెట్టండి. అవి పెట్టాక ప్రోగ్రాంను ఎక్కించి సరిచూసే దశ మామూలుగా నడవదు కాబట్టి, ఆ సరిచూసే పనిని బూట్‌లోడర్ వేరే పద్ధతిలో చేయవలసి ఉంటుంది.

అసెంబ్లీ బల్ల దగ్గర ఒక అలవాటు పెట్టండి. ప్రతి బోర్డునూ పెట్టెలో బిగించే ముందు, చివరి పనిగా, ఒక పరాయివాడిలా దానిని చదవడానికి ప్రయత్నించాలి. ఐఎస్‌పీ నుంచి ఒకసారి, సీరియల్ నుంచి ఒకసారి ప్రయత్నించి, రెండింటి నుంచీ ఏమీ రాకపోతేనే ‘సరే’ అని చీటీ అంటించాలి. పదిటిలో ఒకటి చూస్తే చాలదు. హడావిడిగా ఆర్డరు పంపే రోజున లాక్ చేయడం మరిచిపోయిన బోర్డు ఒక్కటి బయటికి పోయినా, నకలు తీయదలచినవారికి ఆ ఒక్కటే చాలు.

మీ ఉత్తరంలో రాయని ఒక సంగతి అడగాలి. ప్రోగ్రాంలో మార్పు చేసినప్పుడు భీమవరం వైపు ఉన్న మీ డీలర్లకు దానిని ఎలా పంపుతున్నారు? నాకు తెలిసిన చిన్న యూనిట్లలో ఎక్కువమంది హెక్స్ ఫైలును వాట్సాప్‌లో పంపి, ఎక్కించమని ఫోనులో చెబుతారు. ఆ ఫైలే మీ ప్రోగ్రాం. అది ఎవరి ఫోనులోనైనా ఉన్నప్పుడు చిప్పుకు ఎన్ని తాళాలు వేసినా ప్రయోజనం లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. డీలరే దొంగ అని నా ఉద్దేశం కాదు. ఆయన దగ్గర పనిచేసిన కుర్రాడు మానేసి వెళ్తూ ఫోనుతో పాటు ఆ ఫైలునూ పట్టుకుపోతే అడిగేవారు ఉండరు.

దీనికి ఎన్‌క్రిప్ట్ చేసిన బూట్‌లోడరే సరైన పరిష్కారం. ఏఈఎస్ అన్న ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఇలాంటి బూట్‌లోడర్ ఎలా కట్టాలో ఈ చిప్పుల తయారీదారు ఆట్మెల్ ఏవీఆర్231 అన్న సూచనపత్రంలో చాలాకాలం క్రితమే వివరించింది. 2016లో ఆ సంస్థ మైక్రోచిప్‌లో కలిసింది, కానీ ఆ పత్రం ఇప్పటికీ ఉపయోగపడుతుంది. 328పి చిప్పులో ఉన్న 32 కిలోబైట్ల ఫ్లాష్‌లో బూట్‌లోడర్‌కు 4 కిలోబైట్ల వరకు ఇవ్వవచ్చు, ఆ చోటు ఈ పనికి చాలుతుంది. అప్పుడు డీలరుకు పంపేది తాళం వేసిన ఫైలు, దానిని విప్పే కీ ఉండేది చిప్పు లోపల మాత్రమే. అయితే అన్ని పెట్టెలకూ ఒకే కీ పెడితే, ఎవరైనా ఒక్క చిప్పును ఛేదించగానే మీరు ఇంతవరకు పంపిన ఫైళ్లన్నీ, ఇకముందు పంపబోయేవన్నీ వాళ్లు చదవగలుగుతారు. డీలరుకు ఒక కీ చొప్పున వేరు చేస్తే పని కొంత పెరిగినా, నష్టం ఒక డీలరు దగ్గరే ఆగిపోతుంది. ఆ శ్రమ పడమనే నా సలహా.

ఇప్పటికే అమ్మిన పెట్టెల్లోని ప్రోగ్రాంను వెనక్కి తెచ్చుకోలేరు. కొత్త రూపంలో మీరు చేర్చే మెరుగుదలలనే కాపాడుకోగలరు. బాధగానే రాస్తున్నాను కానీ ఇందులో మీకు తప్పుడు ఆశ కల్పించడం న్యాయం కాదు.

ప్రశ్న: నకలు తీసినవారిపై చట్టం ఏమైనా చేయగలదా? చిప్పుల కోసం ప్రత్యేక చట్టం ఉందని విన్నాను. (ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: మీరు విన్నది సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల లేఅవుట్ డిజైన్ చట్టం, 2000 అయి ఉండాలి. అది కాపాడేది చిప్పు తయారుచేసినవారు సిలికాన్ మీద గీసిన అమరికను. ఆ చిప్పు కొని అందులో మీరు రాసుకున్న ప్రోగ్రాంకు దానితో సంబంధం లేదు.

మీకు పనికొచ్చేది కాపీరైట్ చట్టం, 1957. ఆ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనగా పరిగణిస్తుంది కాబట్టి, కథకు ఎంత రక్షణ ఉందో ఫర్మ్‌వేర్‌కూ అంతే రక్షణ ఉంటుంది. రిజిస్టర్ చేయకపోయినా హక్కు ఉంటుంది, చేసి ఉంటే కోర్టులో రుజువు సులువవుతుంది. అక్రమంగా నకలు తీసిన ప్రోగ్రాం అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. హక్కుదారు తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటనే దావా వేసుకునే వీలు 62వ సెక్షన్‌లో ఉంది కాబట్టి, విశాఖలో ఉండి ఇక్కడే వ్యాపారం చేసుకునే మనిషి ఎక్కడో ఉన్న పోటీదారు ఊరికి తిరగనవసరం లేదు. మానేసిన ఉద్యోగి అనుమతి లేకుండా సోర్స్ కోడ్ (మీరు రాసిన మూల ప్రోగ్రాం) ఎత్తుకుపోతే సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి.

చట్టం కంటే ముందు రుజువు కావాలి. ఆటోనగర్ పాఠకుడి అక్షరదోషం వంటిది ఆ విషయంలో ఎంతో విలువైనది. ఒకే పని చేసే ప్రోగ్రాంను ఇద్దరు విడివిడిగా రాయవచ్చు గానీ, ఒకే చోట ఒకే తప్పు ఇద్దరికీ యాదృచ్ఛికంగా రాదు. కాబట్టి ఆ తప్పును తొందరపడి సరిదిద్దే ముందు, పోటీదారు పెట్టెను బిల్లుతో సహా కొని, డిస్‌ప్లేను ఫొటో తీసి, మీ పాత సోర్స్ ఫైళ్లను తేదీలు చెరగకుండా భద్రపరచండి. కొందరు తయారీదారులు ప్రోగ్రాంలో ఎవరూ వాడని మూలన తమ గుర్తును కావాలనే దాచి ఉంచుతారు, అది మంచి అలవాటు. నోటీసు రాయించేటప్పుడు మాత్రం ఈ రంగం తెలిసిన న్యాయవాదిని కలవండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. చిప్పును లాక్ చేస్తే ఇక ఎవ్వరూ చదవలేరని మా ల్యాబ్‌లో చెప్పారు. ఇంటర్నెట్‌లో చూస్తే ప్రతి చిప్పూ పగిలిపోయిందని రాస్తున్నారు. ఏది నిజం? (ఒక విద్యార్థి, మధురవాడ)

జవాబు: రెండూ పూర్తి నిజాలు కావు. లాక్ అన్నది చదవడానికి అయ్యే ఖర్చును పెంచుతుంది. ఆ ఖర్చు ఎంత పెరుగుతుందన్నది చిప్పును బట్టి, దాని రూపకల్పనలో పడిన జాగ్రత్తను బట్టి మారుతుంది. ఆ తేడాను గ్రహించడానికి రెండు చిప్పులను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఎన్‌ఎక్స్‌పీ సంస్థ ఎల్‌పీసీ శ్రేణి చిప్పుల్లో చాలావాటిలో లాక్ అన్నది ఫ్లాష్‌లో ఒక నిర్దిష్ట చోట రాసిన 32 బిట్ల సంఖ్య. ఆ చోట 12345678 వంటి కొన్ని ప్రత్యేకమైన విలువలు ఉంటే చిప్పు మూసుకుంటుంది, మరి ఏ విలువ ఉన్నా తెరుచుకుంటుంది. ఇప్పుడు చిప్పు మేలుకునే క్షణంలో, సరిగ్గా ఆ సంఖ్యను చదివే వేళకు, కరెంటు సరఫరాను రెప్పపాటులో వెయ్యోవంతు కంటే తక్కువ కాలం కిందికి లాగి వదిలారనుకోండి. చదివిన సంఖ్యలో ఒక్క బిట్ తప్పినా అది ఆ ప్రత్యేక విలువల్లో ఒకటి కాకుండా పోతుంది, చిప్పు తాను లాక్ కాలేదనుకుని తలుపు తీస్తుంది. ఈ పద్ధతినే ఓల్టేజ్ గ్లిచ్ అంటారు. క్రిస్ గెర్లిన్‌స్కీ అనే పరిశోధకుడు 2017లో ఈ చిప్పుల మీద దీనిని చేసి చూపించాడు.

ఎస్‌టీఎం32 చిప్పుల్లో చాలావాటిలో ఆలోచన దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ ఆప్షన్ బైట్లలో (చిప్పు తన సెట్టింగులు దాచుకునే చోట) ఏఏ అన్న విలువ ఉంటేనే చిప్పు పూర్తిగా తెరిచి ఉంటుంది, దానినే సున్నా స్థాయి అంటారు. సీసీ ఉంటే రెండో స్థాయి, అంటే ప్రోగ్రాంను బయటినుంచి పరీక్షించే పరికరం (డీబగ్గర్) తగిలించే డీబగ్ పోర్టు శాశ్వతంగా మూత పడుతుంది. ఈ రెండూ కాక ఏ విలువ ఉన్నా అది ఒకటో స్థాయి, అక్కడ డీబగ్గర్ తగిలించవచ్చు గానీ ఫ్లాష్‌ను చదవలేము. ఒక బిట్ తప్పితే చిప్పు తెరుచుకోదు, ఒకటో స్థాయిలో పడుతుంది. పొరపాటు జరిగినా మూసిన వైపే ఒరిగేలా చేసిన ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది.

అయినా అది కూడా అభేద్యం కాలేదు. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన యోహానెస్ ఓబర్‌మయర్, స్టెఫాన్ టాట్ష్‌నర్ 2017లో ఎస్‌టీఎం32ఎఫ్0 చిప్పు పైపొరను తొలగించి, అతినీలలోహిత కాంతితో ఆప్షన్ బైట్ల బిట్లను మార్చి, రెండో స్థాయిని ఒకటో స్థాయికి దించారు. ఒకటో స్థాయిలో డీబగ్గర్‌కూ ఫ్లాష్ రక్షణకూ మధ్య ఉన్న సమయపు లోపాన్ని వాడుకుని ప్రోగ్రాంను కొంచెం కొంచెంగా చదివారు. 2020లో ఓబర్‌మయర్, మార్క్ షింక్ కలిసి, మన బజారులో ఎక్కువగా దొరికే ఎస్‌టీఎం32ఎఫ్1 చిప్పులో ఇంటరప్టుల (నడుస్తున్న పనిని ఆపి చిప్పును వేరే పనికి పిలిచే సంకేతాల) పనితీరు ద్వారా ఫ్లాష్‌లోని విషయం చాలావరకు బయటికి వస్తుందని చూపించారు. ఎఫ్1లో రెండో స్థాయి అసలు లేదు కూడా. కాబట్టి కొత్త ఉత్పత్తికి, అందులో నిజంగా దాచవలసిన విషయం ఉంటే, ఎఫ్1ను ఎంచుకోవద్దని మీ తోటివారికి చెప్పండి. దాని పేరు మీద వచ్చే చవక ప్రత్యామ్నాయ చిప్పుల రక్షణ అసలు చిప్పుతో సమానమని అనుకోవడం ఇంకా ప్రమాదం. వాటిని పరీక్షించిన వారికి అనేక లోపాలు కనిపించాయి.

ఇవి ఈనాడు పుట్టిన సంగతులు కావు. 2002లో కేంబ్రిడ్జిలో సెర్గీ స్కోరోబోగటోవ్, రాస్ ఆండర్సన్ ఒక కెమెరా ఫ్లాష్ వెలుగును మైక్రోస్కోప్ ద్వారా పిక్16ఎఫ్84 అనే మైక్రోకంట్రోలర్ చిప్పు మీద పడేలా చేసి, మెమరీలో ఎంచుకున్న బిట్‌ను మార్చగలిగారు. ఖరీదైన లేజర్ లేకుండానే ఆ పని జరిగింది కాబట్టే అది చిప్పుల తయారీదారులను కదిలించింది.

మీ ల్యాబ్‌లో చేసి చూడగలిగిన ప్రయోగం ఒకటి చెబుతాను. 14 బిట్ల పిక్16 చిప్పును ఖాళీగా ఉన్నప్పుడు చదివితే ప్రోగ్రామర్ తెరమీద వరుస వరుసంతా 3ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ అని కనిపిస్తుంది. ఏదైనా ప్రోగ్రాం ఎక్కించి చదివితే రకరకాల అంకెలు వస్తాయి. కోడ్ ప్రొటెక్ట్ బిట్ పెట్టి మళ్లీ చదివితే తెరంతా సున్నాలే. ప్రోగ్రాం లోపల నడుస్తూనే ఉంటుంది, ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది, బయటికి మాత్రం సున్నాలు కనిపిస్తాయి. సొంతంగా కొన్న చిప్పు మీద, సొంత ప్రోగ్రాంతో ఈ మూడు దశలూ చూడండి.

ఎస్‌టీఎం32 రెండో స్థాయి గురించి ఒక హెచ్చరిక. దానిలోకి వెళ్లాక తిరిగి రావడానికి మామూలు మార్గం లేదు, చిప్పు పాడైతే తయారీ సంస్థ కూడా లోపలికి చూడలేదు. ప్రోగ్రాంను పూర్తిగా పరీక్షించి, అప్‌డేట్ చేసుకునే దారి సొంత బూట్‌లోడర్‌లో పెట్టుకున్నాకే ఆ అడుగు వేయాలి. ప్రాజెక్టు కోసం కొన్న బోర్డు మీద అసలు వద్దు.

ప్రశ్న: ఈఎస్‌పీ32 అన్న వైఫై చిప్పుతో ఇళ్ల వాటర్ ట్యాంకులకు వైఫై పరికరం చేస్తున్నాం. మా సర్వర్ పాస్‌వర్డ్ ప్రోగ్రాంలోనే ఉంది. ప్రమాదమా? (ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ)

జవాబు: ప్రమాదమే, అదీ ఇప్పుడున్న స్థితిలో చాలా తేలికగా జరిగే ప్రమాదం. ఈఎస్‌పీ32 మాడ్యూళ్లలో చాలావాటిలో ప్రోగ్రాం ఉండేది ప్రాసెసర్ లోపల కాదు, రేకు మూత కింద పక్కనే ఉన్న ఎనిమిది కాళ్ల ఫ్లాష్ చిప్పులో. రాస్‌బెర్రీ పై వారి ఆర్‌పీ2040 చిప్పు కూడా ఇంతే, దానికి లోపల ఫ్లాష్ లేదు. ఆ ఎనిమిది కాళ్ల చిప్పును ఎవరైనా చవక ప్రోగ్రామర్‌తో చదవవచ్చు. ఈఎస్‌పీ32కైతే మూత విప్పే పని కూడా లేదు, యూఎస్‌బీ కేబుల్‌తో ఈఎస్‌పీటూల్ అన్న ఉచిత ప్రోగ్రాం ద్వారా ఫ్లాష్ మొత్తం వచ్చేస్తుంది. అందులో మీ సర్వర్ పాస్‌వర్డ్‌తో పాటు, ఆ ఇంటివారి వైఫై పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. మీ పరికరం పాడైందని పాత సామాన్లవాడికి అమ్మేసిన ఇంటి యజమానికి ఈ సంగతి తెలియదు. ఆయన తరఫున ఆలోచించవలసింది మీరే.

ఈఎస్‌పీ32లో ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్, సెక్యూర్ బూట్ రెండూ ఉన్నాయి, రెండింటినీ పెట్టండి. మొదటిది చదివేవారి నుంచి కాపాడుతుంది, రెండోది మీరు సంతకం చేయని ప్రోగ్రాం నడవకుండా ఆపుతుంది. కీని చిప్పు తానే లోపల పుట్టించుకుని ఈఫ్యూజ్‌లో (ఒకసారి రాస్తే చెరపలేని బిట్లలో) దాచుకునేలా చేస్తే మీ కంప్యూటర్‌లో కూడా దాని నకలు ఉండదు. ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్‌లో డెవలప్‌మెంట్, రిలీజ్ అని రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిలోనే సరుకు పంపేస్తే రక్షణ సగంలో ఆగిపోయినట్టే. వైఫై పాస్‌వర్డ్ దాచే ఎన్‌వీఎస్ విభాగానికి ఎన్‌క్రిప్షన్‌ను వేరుగా పెట్టాలి, చాలామంది ఇది మరిచిపోతారు. చిప్పు కొనేటప్పుడు మూడో రివిజన్ గానీ తర్వాతది గానీ అడగండి. పాత రివిజన్లలో ఈఫ్యూజ్ కీలను ఓల్టేజ్ గ్లిచ్‌తో చదవవచ్చని లిమిటెడ్ రిజల్ట్స్ పేరుతో రాసే పరిశోధకుడు 2019లో చూపించాడు.

వీటన్నిటికంటే ముందు, అన్ని పరికరాలకూ ఒకే సర్వర్ పాస్‌వర్డ్ ఉంటే దానిని మానండి. పరికరానికి ఒక గుర్తింపు, ఒక కీ చొప్పున ఇచ్చి, అనుమానం వచ్చిన దానిని సర్వర్ దగ్గర రద్దు చేసే వీలు ఉంచుకోండి. అప్పుడు ఎవరైనా ఒక పెట్టెను విప్పి చదివినా, సర్వర్ నుంచి వాళ్ల చేతికి చిక్కేది ఆ ఒక్క ట్యాంకు నీటిమట్టమే.

ప్రశ్న: చిప్పు మీద పేరు గీకేసి, బోర్డుకు ఎపాక్సీ పోస్తే చాలదా? (ఒక పాఠకుడు, కంచరపాలెం)

జవాబు: చాలదు. కాళ్ల అమరిక, క్రిస్టల్, సరఫరా పిన్నులు చూసి అనుభవమున్నవారు చిప్పును పోల్చుకుంటారు, ఎపాక్సీని వేడితోనో రసాయనంతోనో తీస్తారు. నష్టపోయేది రేపు ఆ బోర్డును బాగుచేయవలసిన మీ సర్వీసు మనిషే. విశాఖ సముద్రపు గాలికి బోర్డు తుప్పు పట్టకుండా పూత వేయడం మాత్రం అవసరమే, ఆ కారణంతో వేయండి.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ప్లాంట్లలో కంట్రోల్ బోర్డులు రిపేరు చేస్తుంటాను. ఒక పాత బోర్డులో చిప్పు కాళ్లు తుప్పుపట్టాయి. తయారుచేసిన సంస్థ మూతపడింది. చిప్పు లాక్ అయి ఉంది. డబ్బిస్తే చదివి పెడతామని కొందరు అంటున్నారు. చేయించవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ చిప్పు మీద ప్రోగ్రామర్‌తో ఎరేజ్, అన్‌లాక్ అనే బటన్లు దేనినీ నొక్కకండి. ఏవీఆర్ (పైన చెప్పిన 328పి కుటుంబం) అయినా, పిక్ అయినా, ఎస్‌టీఎం32 ఒకటో స్థాయిలో ఉన్నా, లాక్ తీసే ప్రతి దారీ ప్రోగ్రాంను చెరిపేసుకుంటూనే వెళుతుంది. ఏవీఆర్‌లో ప్రత్యేకమైన ఫ్యూజ్ పెట్టి ఉండకపోతే, ఉష్ణోగ్రత సెట్టింగులు దాచిన ఈఈప్రామ్ మెమరీ కూడా దానితో పాటే పోతుంది. ఆ ప్లాంటుకు మిగిలిన ఒకే ఒక్క నకలు మీ చేతిలో ఉంది.

చట్టం మీ పరిస్థితిని పూర్తిగా విస్మరించలేదు. ప్రోగ్రాం నకలును న్యాయంగా పొందినవారు, అది పాడైపోతే పనికొచ్చేలా తాత్కాలిక నకలు తీసుకోవడాన్ని కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఆ హక్కు ప్లాంటు యజమానిది, మీది కాదు. అందుచేత ఏం చేసినా ఆయన రాతపూర్వకమైన అంగీకారంతోనే చేయండి. కానీ డబ్బిస్తే చదివి పెడతామనేవారి దగ్గరికి ఆ ఒక్క చిప్పునూ పంపమని నేను చెప్పలేను. వారు చిప్పు పైపొర తీసి ప్రయత్నించి విఫలమైతే మీకు తిరిగి వచ్చేది పగిలిన ముక్క. సఫలమైతే ఆ ప్రోగ్రాం వారి దగ్గర కూడా ఉండిపోతుంది.

నా అనుభవంలో మేలైన దారి వేరే ఉంది. చిప్పు లోపల ఉన్నది మనకు తెలియకపోయినా, అది బయటికి చేసే పని కళ్లముందే ఉంది. తుప్పు పట్టిన కాళ్లను జాగ్రత్తగా శుభ్రం చేసి, తెగినచోట సన్నని తీగతో కలిపి, ముందు ఆ బోర్డును బతికించడానికి ప్రయత్నించండి. చాలాసార్లు చిప్పు లోపల ఏమీ కాదు, కాళ్లే పోతాయి. అది నడుస్తున్నంతసేపూ కూర్చుని రాసుకోండి. ఏ సెన్సారు ఎంత చూపితే కంప్రెసర్ ఆగుతోంది, ఆగాక మళ్లీ మొదలవడానికి ఎన్ని నిమిషాలు తీసుకుంటోంది, నీటి వాల్వు ఎప్పుడు తెరుచుకుంటోంది, ఏ లోపానికి ఏ దీపం వెలుగుతోంది అన్నవన్నీ వరుసగా గమనించండి. చట్టం కూడా ప్రోగ్రాం పనితీరును గమనించి, పరీక్షించి తెలుసుకోవడాన్ని తప్పు పట్టదు. ఐస్ ప్లాంటు చేసే పని ఏరేటర్ పెట్టె పనికన్నా క్లిష్టమైనది కాదు. ఆ పట్టిక చేతిలో ఉంటే కొత్త చిప్పుకు కొత్తగా ప్రోగ్రాం రాయగలిగినవారు మధురవాడలోనే దొరుకుతారు.

ఆ కొత్త ప్రోగ్రాం రాయించేటప్పుడు, దాని సోర్స్ కోడ్ నకలును సీలు వేసిన కవరులో ప్లాంటు యజమానికి ఇవ్వాలని ఒప్పందంలో రాయించండి. టెర్మినళ్ల పట్టిక, కంప్రెసర్ నేమ్‌ప్లేటు ఫొటో, మీరు గమనించి రాసుకున్న సమయాలు పంపితే, ఏ చిప్పు సరిపోతుందో వచ్చే సంచికలో చెబుతాను.